కొత్తవి ఒప్పని బండి

బోగోలు నుంచి సముద్రం ఒడ్డున ఉన్న జువ్వలదిన్నె పోయే రోడ్డులో, రొయ్యల మేత అమ్మే కొట్టు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. పాత టూ స్ట్రోక్ బండ్లు ఉన్నవాళ్ళకు ఈ చుట్టుపక్కల కృపాదానం అంటే తెలుసు. ఆ కృపాదానం నేనే. నా నోరు మంచిది కాదని కూడా వాళ్ళకు తెలుసు. బండిని సరిగ్గా చూసుకోనివాడు నా దగ్గరికొస్తే ముందు వాడికి తిట్లు, తర్వాతే బండికి రిపేరు.

దెయ్యాలంటే నాకు నవ్వు. ఆదివారం చర్చిలో కూర్చుంటాను, మిగతా ఆరు రోజులు గ్రీజులో కూర్చుంటాను. రెండు చోట్లా నాకు ఒక్క దెయ్యమూ తగల్లేదు. బండి దానంతట అదే స్టార్టయిందని ఎవడైనా కళ్ళు పెద్దవి చేసి చెబితే, వైరు చూసుకోరా అంటాను. గాలి లీకైతే టూ స్ట్రోక్ ఇంజను తాళం తీసినా అరుస్తూనే ఉంటుంది. ఒక్కోసారి వెనక్కి కూడా తిరుగుతుంది. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. పోయిన నవంబరు దాకా నేను అలాగే అనుకున్నాను.

నా తమ్ముడు సుశీల్ కుమార్ నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. అమ్మ పోయాక వాడికి అన్నం వండిపెట్టింది, తల దువ్వి బడికి పంపింది నేనే. ఇప్పుడు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. సెలవు దొరికితే రైలెక్కి వచ్చేస్తాడు. వాడు రోడ్డు మలుపులో ఉండగానే నాకు తెలిసిపోతుంది. టక్... సర్ర్... టక్... సర్ర్. ఎడమ కాలు గట్టిగా పడుతుంది. కుడి కాలు ఈడుస్తాడు.

ఆ కుడి కాలి పాపం నాది. నాలుగేళ్ళ కిందట వాడి బండి ముందు చక్రం నేనే బిగించాను. ఇరుసు నట్టు ఊడిపోకుండా పెట్టే పిన్ను పెట్టడం మరిచిపోయాను. అంగుళం పొడవుండే తీగ ముక్క. కావలి రోడ్డులో చక్రం ఊడి వాడు పడ్డాడు. తొడ ఎముక రెండైంది. ఆపరేషన్ చేసి లోపల ఒక ఉక్కు కడ్డీ పెట్టి, నాలుగు మరలు బిగించారు. మూడో మర కాస్త వంగింది, దానివల్ల ఇబ్బందేమీ లేదని డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములో చూపించాడు. ఆ ఫిల్ము మా ఇంట్లో అమ్మ ఫొటో వెనక ఉంది. సుశీల్ ఈ నాలుగేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇసుకలో బండి నడపడమంటే వాడికి చిన్నప్పటినుంచీ పిచ్చి. కాలు విరిగాక ఆ ఊసే ఎత్తలేదు. జూన్‌లో ఒకరోజు టీ తాగుతూ అన్నాడు.

"జువ్వలదిన్నె ఇసుకలో జనవరిలో పందెం పెడుతున్నారంటన్నా. ఒక్కసారి నడపాలనుండాది."

"కిక్ ఎట్టా కొడతావురా?"

కిక్ రాడ్డు కుడివైపు ఉంటుంది. దాన్ని తొక్కితే ఆ దెబ్బ నేరుగా వాడి తొడలోకి పోతుంది. ఒకసారి ప్రయత్నించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"కిక్ నేను కొడతాలే. నువ్వు నడుపు," అన్నాను. నాలుగేళ్ళలో వాడు నన్ను అడిగింది అదొక్కటే. ఆ బండి కట్టి ఇస్తే నా తప్పు కొంచెమైనా తీరుతుందనుకున్నాను.

కొత్త డర్ట్ బైకు మా వల్ల అయ్యేది కాదు. పాత సామాను, కొత్త సామాను కలిపి కట్టాలని కావలి పోయి, పాత ఇనుప సామాను అమ్మే మస్తానయ్య కొట్లో వెతికాను. డెబ్బై దాటిన మనిషి. మూలన గోనెసంచిలో ఒక టూ స్ట్రోక్ ఇంజను దొరికింది. దాంతోపాటే చిన్న సంచిలో దాని పాత పిస్టను, కార్బొరేటరు, చైను. కిక్ రాడ్డు మాత్రం లేదు.

"ఇంజను తీసకపో అబ్బయ్యా. దీని ఫ్రేము, చక్రాలు వెతకబాక. వేరే బండివి ఏయో ఒకటి తెచ్చుకో."

"బోల్టులు కుదరవు గదా పెద్దాయనా?"

"ఆకురాయితో అరగదీసుకో. ఎంత కుదరకపోతే అంత మంచిది. మా కొట్లవాళ్ళకు ఒక పద్ధతుంది."

ఇంకేమీ చెప్పలేదు. పక్క ఊళ్ళలో కొంటానని ముసలాయనకు కడుపుమంట అనుకున్నాను. కుదరని సామాను బిగించమని మెకానిక్కుతో చెప్పడం కంటే అవమానం ఇంకోటి లేదు. అసలు ఆ ఇంజను ఏదో కంపెనీ నుంచి వచ్చినట్టు లేదు. ఎవరో పని తెలిసినవాడు ఫ్రేముకు బిగించే చెవులు చేత్తో కోసి, వేరే రకంగా వెల్డింగు చేసుకున్నాడు. అడుగున సముద్రపు నీలం రంగు అంటి ఉంది. దానికి తగ్గ ఫ్రేము ఎక్కడో ఉండే ఉంటుందని నాకు పంతం పట్టింది.

మూడు నెలలు వెతికాను. ఫ్రేము గూడూరులో ఒక సామాను కుప్ప కింద దొరికింది. నల్లరంగు గీకితే లోపల అదే నీలం. తడలో ఒక కొట్లో చక్రాలు, ముందు ఫోర్కు కనబడ్డాయని సుశీల్ ఫొటో పంపి, రైల్లో వేసుకుని వచ్చాడు. టైర్లు కూడా వాటితో వచ్చినవే. ఏనాటివో తెలియదు, ఒక్క పగులూ లేదు. ట్యాంకు జువ్వలదిన్నెలోనే, వెంకటశేషమ్మ అనే ఆవిడ పెరట్లో ఉంది. ఎప్పుడో ఇనుప సామాను బండివాడు వదిలేసి పోయాడట. అడగ్గానే సంతోషంగా ఇచ్చేసింది.

"తీసకపో నాయనా. మా కోళ్ళు కూడా దాని పక్కకు పోవు."

పెట్రోలు వాసనకు పోవులే అనుకున్నాను.

పాత సామానుతో బండి కట్టడమంటే నెల రోజులు ఆకురాయితో కుస్తీ. ఇక్కడ వాషరు, అక్కడ రేకు ముక్క, ఇంకోచోట సుత్తి దెబ్బ. ఈ బండికి అవేమీ పడలేదు. ఇంజనును ఫ్రేములో దించితే బోల్టు వేలితో నెట్టగానే లోపలికి జారింది. ట్యాంకు అడుగున ఒక గీత ఉంటే, సరిగ్గా ఆ గీతకు తగిలే చోట ఫ్రేము మీద అరుగుదల ఉంది. నాకప్పుడే అనుమానం రావాల్సింది. బుద్ధిలేనివాణ్ణి, పొంగిపోయాను. ఒక్క వాషరు కూడా వెయ్యలేదని వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పుకున్నాను.

బండికి మాత్రం నేనంటే పడలేదు. ఆ మాట నవ్వుతూ అనడం లేదు. చక్రం పుల్ల అరచేతిలో దిగింది. ఫ్రేము స్టాండు మీద నుంచి జారి పాదం మీద పడింది. చైను ఎక్కిస్తుంటే, గేరు న్యూట్రల్‌లో ఉండగా చక్రం అరచుట్టు తిరిగి నా చూపుడువేలి కొస తీసుకుపోయింది. కట్టు కట్టించుకుని వచ్చి దాన్ని అమ్మనాబూతులు తిట్టాను. అది అక్కడే నిలబడి ఉంది. పని చేసేవాడికి దెబ్బలు తగులుతాయిలే అని సర్దుకున్నాను.

నవంబరులో సుశీల్ పది రోజులు సెలవు పెట్టి వచ్చాడు. కొత్త పిస్టను, కొత్త కార్బొరేటరు, కొత్త చైను, కొత్త కిక్ రాడ్డు వేశాను. మొదటి రోజు కిక్ కొట్టాను. స్టార్టయి, దగ్గి, ఆగిపోయింది.

మర్నాడు పొద్దున షెడ్డు తెరిస్తే కొత్త కార్బొరేటరు నేల మీద ఉంది. కింద నా గుడ్డ పీలిక పరిచి ఉంది. దాని బోల్టులు ఎడమనుంచి కుడికి, విప్పిన వరసలో పెట్టి ఉన్నాయి.

"నా పనిలో వేలు పెట్టబాకని చెప్పినానా లేదా?" అని సుశీల్ మీద లేచాను.

"నువ్వే విప్పినావనుకున్నా గదన్నా!"

సంచిలో ఉన్న పాత కార్బొరేటరు బిగించాను. మూడో రోజు కొత్త చైను నేల మీద ఉంది, గుడ్డ మీద, లింకు పక్కన లింకు. నాలుగో రోజు ఇంజను పైభాగం విప్పి ఉంది. కొత్త పిస్టను గుడ్డ మీద ఉంది. రింగులు ఎడమవైపు, పిన్ను కుడివైపు. ఒక్క గీత కూడా పడకుండా తీశారు. అది గంటన్నర పని. మేమిద్దరం షెడ్డుకు పది అడుగుల దూరంలో పడుకుంటాం. తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా మొలతాడుకు ఉంది.

ఆ రోజు సుశీల్‌ను చెంప మీద కొట్టాను. ముప్పై ఏళ్ళవాణ్ణి. నా మీద కసి తీర్చుకుంటున్నావా అని అరిచాను. వాడు చెంప పట్టుకుని నా వైపు చూశాడు.

"నాకు కసి ఉంటే నాలుగేళ్ళ కిందటే తీర్చుకునేవాణ్ణన్నా," అన్నాడు మెల్లిగా.

నాకు సిగ్గేసింది. సిగ్గుతో ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంలోనే పాత చైను, పాత పిస్టను వేసి బిగించేశాను. ఈసారి ఒక్క కిక్కుకే స్టార్టయింది. అంత శుభ్రమైన చప్పుడు నేను ఏ బండిలోనూ వినలేదు. షెడ్డంతా పెట్రోల్లో కలిపిన టూ టీ ఆయిల్ కాలే తియ్యటి వాసన. దాని కింద ఇంకేదో వాసన... నీళ్ళలో నానిన తాడు వాసన. హార్బరు గాలి అనుకున్నాను. బండి ఫొటో తీసి, సరిపోయే సామాను నేనే వెతికానని గొప్ప కోసం మస్తానయ్యకు వాట్సాప్‌లో పంపాను. ఆయన చూడలేదు.

ఇక బండిలో కొత్తది కిక్ రాడ్డు ఒక్కటే. దాన్ని ఎవరూ విప్పలేదు.

ఆరో రోజు సాయంత్రం బండిని జువ్వలదిన్నె ఇసుకకు తీసుకుపోయాం. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోయాక తడి ఇసుక సిమెంటులా గట్టిపడుతుంది. అప్పుడే బండి నడపాలి. ఆ రోజు ఆటు సాయంత్రం అయిదు దాటాక. వాయుగుండం ఉందని పడవలన్నీ హార్బరులో కట్టేశారు. ఒడ్డున మనిషి లేడు. సరుగుడు తోపులో గాలి ఈల వేస్తోంది. ఆకాశం, నీళ్ళు ఒకటే బూడిద రంగు.

నేను కిక్ కొట్టాను. రాడ్డు వెనక్కి తన్ని నా పిక్క మీద కొట్టింది. రెండోసారి కొట్టాను. స్టార్టయింది.

"జాగ్రత్తరా," అన్నాను. "ఉత్తరాన వాగు సముద్రంలో కలిసే మొగ ఉంది. దాని దాకా పోబాక. ఆపబాక కూడా. ఆగిపోతే నువ్వు కిక్ కొట్టలేవు."

"సరేలే అన్నా," అని నవ్వాడు. నాలుగేళ్ళ తర్వాత ఆ నవ్వు చూశాను. చెంప మీద కొట్టినందుకు క్షమించమని అడుగుదామనుకున్నాను. వచ్చాక అడుగుదాంలే అనుకున్నాను.

వాడు పోయాడు. తడి ఇసుకలో ఒకటే గీత. చప్పుడు దూరమై, సన్నగా, దోమ రొదలా మిగిలింది. చీకటి పడుతోంది. అప్పుడు నా ఫోను మోగింది. మస్తానయ్య.

"ఫొటో ఇప్పుడే చూసినా. ఆ ట్యాంకు యాడిది?"

"జువ్వలదిన్నెలో దొరికింది."

"ఫ్రేము గూడూరుది. చక్రాలు తడవి. అంతేనా?"

"మీకెట్టా తెలుసు?"

"నేనే గదా వాటిని తలా ఒక దిక్కుకు పంపించింది. మనిషిని తిన్న బండిని మేము ఒక్కచోట అమ్మం అబ్బయ్యా. విప్పేసి ఊరికొకటి చేరేస్తాం. మళ్ళా కలవకూడదని. మా నాయన కాడినుంచి అదే పద్ధతి. నీకు చెప్పినా గదా, కుదిరే సామాను వెతకబాకని!"

నేను ఉత్తరం వైపు చూస్తున్నాను. చప్పుడు ఇంకా సన్నగా వినబడుతోంది.

"ఇరవై రెండేళ్ళయింది. వాడూ నీలాంటి మెకానిక్కే. సొంతంగా కట్టుకున్నాడు. జువ్వలదిన్నె మొగ కాడ ఆగిపోయినాది. కిక్ వెనక్కి తన్ని కాలు ఇరిగినాది. కదల్లేకపోయినాడు. పోటొచ్చింది. పొద్దున పోయి చూస్తే బండి స్టాండు మీద నిలబడుండాది. కిక్ రాడ్డు లేదు."

"మనిషి?"

"యాడ దొరికినాడు! దొరకలా. దాంట్లో కొత్త సామాను ఏమన్నా మిగిలుండాదా?"

"కిక్ రాడ్డొక్కటే."

"ఇప్పుడు బండి మీద ఎవరుండారు?"

"మా తమ్ముడు."

ఆయన గుసగుసగా అన్నాడు.

"బండిని ఆగనీబాక. మొగ కాడ మాత్రం ఆగనీబాక."

అప్పుడే చప్పుడు ఆగిపోయింది.

"సుశీల్!" అని అరిచాను. గాలి నా అరుపును నా మొహానికే తెచ్చి కొట్టింది. పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు. ఏసయ్యా, నన్ను తీసుకో, వాణ్ణి వదిలెయ్యి. అదే మాట, అడుగడుగుకీ అదే మాట.

గాలి ఉత్తరం నుంచి వీస్తోంది. ఆ గాలిలో ఒక చప్పుడు వచ్చింది.

టక్...

నిలబడిపోయాను.

టక్...

ముప్పై ఏళ్ళుగా మెకానిక్కును. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఎవరో కిక్ కొడుతున్నారు.

సుశీల్ కిక్ కొట్టలేడు.

మూడోసారి... తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. నీళ్ళు నా పాదాల దాకా వచ్చాయి. పోటు మొదలైంది. చీలమండల దాకా వచ్చాయి. అప్పుడు ఇంజను స్టార్టయింది. ఒక్క దెబ్బకు. శుభ్రంగా.

చప్పుడు నా వైపు వస్తోంది. బండికి లైటు లేదు. చీకట్లోంచి ముందు టూ టీ వాసన వచ్చింది, తర్వాత నానిన తాడు వాసన, ఆ తర్వాత బండి. నాకు రెండు అడుగుల దూరంలో ఆగింది. మీద ఉన్నవాడు హెల్మెట్ తీశాడు.

సుశీలే.

వాణ్ణి వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఒళ్ళంతా తడిసి ఉంది. చల్లగా ఉంది. కొట్టినందుకు క్షమించరా అన్నాను. వాడు నా భుజం మీదుగా సముద్రం వైపు చూస్తూ ఉన్నాడు.

"పోదాం," అన్నాడు.

బండి దిగి నెట్టుకుంటూ ముందు నడిచాడు. నేను వెనక. తోపు దాటి తారురోడ్డు ఎక్కాక గానీ నాకు తెలియలేదు. టక్... టక్... టక్... టక్. రెండు కాళ్ళూ ఒకేలా పడుతున్నాయి. ఈడ్చే చప్పుడు లేదు.

ఏడుస్తూ నవ్వాను. దేవుడు విన్నాడనుకున్నాను. నాలుగేళ్ళుగా రోజూ అడిగింది ఇదే కదా. ఇంటికొచ్చి వాడు అన్నం తిన్నాడు. పక్క చూపించేదాకా గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. పడుకున్నాడు. షెడ్డులో బండికి తాళం వేస్తూ టార్చి కొట్టాను. కిక్ రాడ్డు చోట వేరేది ఉంది. తుప్పు పట్టి నల్లబడింది. దాని మడతలో చిన్న చిన్న గవ్వలు అంటుకుని ఉన్నాయి. ఊడదీద్దామని పానా వేశాను. నట్టు కదల్లేదు. బండిలో ఏ నట్టూ కదల్లేదు.

పొద్దున ఆటుకు మొగ దగ్గరికి పోయాను. పోటు వచ్చి వెళ్ళిన ఇసుక నున్నగా ఉంది. ఒక్కచోట మాత్రం నా షెడ్డులోని గుడ్డ పీలిక పరిచి ఉంది. నీళ్ళు దాన్ని తాకినట్టు లేవు. దాని మీద ఎడమవైపు నా కొత్త కిక్ రాడ్డు.

దాని పక్కన జానెడున్నర పొడవు ఉక్కు కడ్డీ.

దాని పక్కన నాలుగు మరలు, విప్పిన వరసలో. నెత్తురు చుక్క లేదు. చిన్న గీత లేదు. మూడో మర కొంచెం వంగి ఉంది.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. అమ్మ ఫొటో వెనకనుంచి ఎక్స్‌రే ఫిల్ము తీసి కిటికీ వెలుగుకు పట్టుకున్నాను. ఒకచేత్తో మర, ఒకచేత్తో ఫిల్ము. అదే వంపు. అదే మూడోది.

వెనక నుంచి అడుగులు. టక్... టక్... టక్. సమానంగా. నేను తిరిగి చూడలేదు. అన్నా అని పిలుస్తాడేమో, ఒక్కసారి పిలిస్తే చాలు అనుకున్నాను. నిన్న సాయంత్రం నుంచి వాడు నన్ను అలా పిలవలేదు.

నా భుజం మీదుగా తడి చెయ్యి వచ్చి, ఫిల్మును నా వేళ్ళలోంచి మెల్లిగా లాక్కుంది. కాసేపు వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"ఎవరిదీ కాలు?" అన్నాడు.